సంక్రాంతి తరువాత చేయించే వంటగది పనికి శ్రావణంలోనే ఎందుకు కూర్చోవాలి

అమ్మా, మీ ప్రశ్న సారాంశం ఇది. సీతమ్మధారలో 25 ఏళ్ల కిందట కట్టిన అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు మీది. సింకు కింది అలమర తలుపులు ఉబ్బిపోయి మూసుకోవడం లేదు, ఏప్రిల్ నెలాఖరులో అమ్మాయి పెళ్లి ఉంది, ఆలోగా వంటగదిని పూర్తిగా మార్పించాలనుకుంటున్నారు. షోరూమువారు 45 రోజుల్లో అప్పగిస్తామన్నారు కాబట్టి సంక్రాంతి వెళ్లాక ఆలోచన మొదలుపెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా సమాధానం. పని సంక్రాంతి తరువాతే మొదలవ్వాలన్న మీ లెక్క సరైనదే, కానీ ప్రణాళిక ఈ శ్రావణంలోనే మొదలవ్వాలి. విశాఖలో ఇళ్లలోపలి పనులు చాలాకాలంగా దగ్గరుండి చేయిస్తున్నవాడిగా, ఆ రెంటికీ మధ్య అయిదు నెలలు ఎందుకు కావాలో వివరంగా చెబుతాను.

షోరూమువారు చెప్పిన 45 రోజులు అబద్ధం కాదు, అయితే అవి ఏ రోజు నుంచి లెక్క అన్నది చాలామంది అడగరు. మాడ్యులర్ పనిలో పెట్టెలను, తలుపులను ఫ్యాక్టరీలో మిల్లీమీటర్ల లెక్కన కోసి తెస్తారు. గోడలకు టైల్స్ అతికి, నేల మట్టం కుదిరి, గట్టు నిలబడ్డాక తీసే ఆఖరి కొలతలు చేతికి వస్తేనే ఆ కోత మొదలవుతుంది. పాత గట్టు పగలగొట్టడం, పైపులు మార్చడం, వైర్లు లాగడం, గోడలకు పూత వేయడం, అది ఆరడం, టైల్స్ అతకడం ఇవేవీ ఆ 45 రోజుల్లోకి రావు. కొటేషన్ అడుక్కి చిన్న అక్షరాల్లో ఆ మాట రాసే ఉంటుంది, ఒకసారి చూడండి.

ఇప్పుడు పెళ్లి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పసుపు దంచిన రోజు నుంచి ఇంట్లో పొయ్యి ఆరదు, పిండివంటలు అంతకు ముందే మొదలవుతాయి, కాబట్టి ఏప్రిల్ మొదటి వారానికి వంటగది మీ వాడకంలో ఉండాలి. బిగింపుకు పది రోజులు, బిగించాక బయటపడే లోపాలు సరిచేయించుకోవడానికి మరో వారం పోనిస్తే, మార్చి 15 నాటికి సామాను ఇంటికి చేరాలి. ఫ్యాక్టరీకి నాలుగైదు వారాలు తీసేస్తే ఆఖరి కొలతలు ఫిబ్రవరి 10 నాటికి పూర్తవ్వాలి. పండుగకు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లకు వెళ్లిన మేస్త్రీలు కనుమ మరునాడే తిరిగి రారు, జనవరి 20 దాటితే గాని పని ఊపందుకోదు. అంటే పగలగొట్టడం మొదలు టైల్స్ వరకు మీకు దక్కేది మూడు వారాలు. ఏ టైలు, ఏ సింకు, ఏ పొయ్యి అని ఆలోచించడానికి ఆ మూడు వారాల్లో ఒక్క పూట కూడా లేదు. పైగా డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం ప్రవేశిస్తుంది, ఆ నెలలో కొత్త పనికి అడ్వాన్సు ఇవ్వడానికి మీ ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి నిర్ణయాలన్నీ డిసెంబరు మొదటి వారానికే ముగిసి, ఆర్డరు కాగితం మీదికి ఎక్కాలి. ఆ ఏడాది మూఢం ఎప్పుడు వస్తుందో కూడా పురోహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోండి. నమ్మకం ఎవరిదైనా, పని నడుస్తుండగా ఆ మాట బయటికి వస్తే ఆగిపోయేది మాత్రం పనే.

అయితే శ్రావణం అని నేను పట్టుబట్టడానికి అసలు కారణం క్యాలెండరు కాదు, వాన. వంటగదిలోని లోపాలు వేసవిలో కనపడవు. ఏప్రిల్‌లో ఎండి చక్కగా కనిపించిన గోడే ఆగస్టులో చెమ్మ చూపిస్తుంది, పూత మీద తెల్లగా ఉప్పు పొంగిస్తుంది. మీ అలమర తలుపులు ఉబ్బడానికి సింకు గొట్టం కారడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. వెనుక గోడ బయటి వైపు నుంచి నీరు పీలుస్తున్నా, పక్కనున్న స్నానాలగది నుంచి చెమ్మ పాకుతున్నా అదే ఫలితం కనిపిస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కను అనుమానం ఉన్న చోట గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి దూరకుండా వెడల్పాటి టేపు అతికించి, రెండు రోజులు వదిలేయండి. నీటి బొట్లు పాలిథిన్‌కు గోడ వైపున పడితే చెమ్మ గోడలో నుంచి వస్తోంది, గది వైపున పడితే అది మన ఊరి గాలిలోని తేమ. మొదటి రకానికి మరమ్మతు కావాలి, రెండో రకానికి గాలి ఆడే ఏర్పాటు చాలు. పాత అలమరను ఖాళీ చేసి, వెనుక పలకను విప్పించి, దాని వెనుక గోడ మీద ఈ పరీక్ష చేయండి. ముందు నుంచి చూసి ఏదీ నిర్ణయించకండి.

చెమ్మ బయటి గోడ నుంచే వస్తోందని తేలిందనుకుందాం. దాన్ని బయట నుంచే మూయాలి, తడిగోడ మీద ఆ పని నిలవదు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. అందువల్ల బయటి మరమ్మతుకు సరైన అదను డిసెంబరు. అప్పుడు మూయిస్తే, జనవరి ఆఖరున లోపల పూత వేసే నాటికి గోడ చాలావరకు ఆరుతుంది. ఇదంతా సంక్రాంతి తరువాత బయటపడితే మీ ముందు రెండే దారులుంటాయి, పెళ్లి దాటేదాకా పని ఆపడం గానీ, తడిగోడకు కొత్త పెట్టెలు ఆనించి బిగించడం గానీ. ఎక్కువమంది రెండోదే ఎంచుకుంటారు. రెండో వానాకాలానికి పెట్టె వెనుక బూజు, ముక్కిపోయిన వాసన మొదలవుతాయి.

పాత ఫ్లాటు కాబట్టి తలపైకి కూడా చూడాలి. సముద్రపు గాలిలోని ఉప్పు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి, లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము తన మొదటి పరిమాణం కంటే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి అడుగున ఉన్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. హాల్లోనో పడకగదిలోనో అయితే వెంటనే కనపడేది వంటగదిలో అటక వెనుక దాగి ఉంటుంది. అటక మీది ఇత్తడి గుండిగలు, పాత డబ్బాలు అన్నీ ఒకరోజు దించేసి, టార్చి వేసి, శ్లాబు అడుగును అంగుళం అంగుళం చూడండి. చువ్వ నడిచిన దారి వెంబడి సన్నని తిన్నని పగులు, తుప్పు రంగు చార, చిన్న సుత్తితో తట్టితే డొల్ల శబ్దం, వీటిలో ఏది ఉన్నా ఇంటీరియర్ వారికంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. వదులైన కాంక్రీటు తొలగించి, చువ్వల తుప్పు గీకి, తుప్పునిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చే పని అది. దాని మీద ఫాల్స్ సీలింగు కొట్టి మూసేద్దామని ఎవరైనా అంటే ఆ సలహా తీసుకోకండి. పై అరలు, చిమ్నీ ఆ చుట్టుపక్కలే డ్రిల్లు వేసి బిగిస్తారు, బలహీనమైన కాంక్రీటు ఆ అదురుకే మరింత రాలుతుంది.

పైపుల విషయం త్వరగా చెప్పేస్తాను. ఆ కాలపు ఇళ్లలో గాల్వనైజ్డ్ ఇనుప పైపులే ఎక్కువ. కుళాయి ధార సన్నబడిందన్నా, పొద్దున్నే మొదటి నీళ్లు ఎర్రగా వస్తున్నాయన్నా వాటి పని అయిపోయినట్టే. టైల్స్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి వాటి స్థానంలో సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించేయండి. కొత్త టైల్స్ వెనుక పాత పైపు ఉంచుకోవడంలో పొదుపేమీ లేదు.

కరెంటు సంగతికి మాత్రం తీరిక కావాలి. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, మీ పాత 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. ఇండక్షను, ఓవెను, గిన్నెలు కడిగే యంత్రం, సింకు దగ్గర గీజరు, వీటిలో ఏవి కొంటారో ఇప్పుడే అనుకుంటే ప్రతిదానికీ విడిగా 16 ఆంపియర్ల పాయింటు, తగిన మందం రాగి వైరు, మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) గోడలో గాడి కొట్టే రోజునే పడిపోతాయి. ఇంటి మంజూరు లోడు పెంచవలసి వస్తే మన విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి పట్టే రోజులు మన చేతిలో ఉండవు. అందుకే ఆ కాగితం అందరికంటే ముందు కదలాలి. మీ ఎలక్ట్రీషియన్ చేత మీటరు నుంచి వంటగది వరకు వచ్చే వైరు మందం ఈ నెలలోనే చూపించండి.

ఇక నిర్ణయాల దగ్గరికి వద్దాం. జనం రంగులతో మొదలుపెడతారు. రంగులు ఆఖరున తేల్చుకున్నా నష్టం లేదు. గోడలో కన్నాన్ని గానీ, నేలలో గొట్టాన్ని గానీ, వైరు ఆగే చోటును గానీ మార్చే వస్తువేదైనా పగలగొట్టకముందే తేలాలన్నది నేను ఎవరికైనా చెప్పే షరతు. చిమ్నీ మోడల్ తెలియకుండా దాని గొట్టం కన్నం ఎక్కడో చెప్పలేం. గొట్టం ఎంత పొట్టిగా, ఎన్ని తక్కువ వంపులతో బయటికి పోతే చిమ్నీ అంత బాగా లాగుతుంది, అంటే బయటి గోడకు దగ్గరగా పొయ్యి ఉండటం మంచిది. బయటి గోడకు ఆరు అంగుళాల కన్నం పెట్టాలంటే అపార్టుమెంటు సంఘం అనుమతి కూడా కావాలి, ఆ లేఖ సెప్టెంబరులోనే ఇవ్వండి. పొయ్యి ఆగ్నేయం, వండేవారి ముఖం తూర్పుకు అన్న వాస్తు పట్టింపు మీకుంటే ఆ మాట కూడా మొదటి గీతకు ముందే చెప్పేయాలి. డ్రాయింగు పూర్తయ్యాక ఇంటి పెద్దవారొచ్చి సింకును ఈశాన్యానికి జరపమంటే గీసిందంతా మళ్లీ గీయవలసి వస్తుంది.

గట్టు ఎత్తును 34 అంగుళాలని రాసి పెట్టేస్తారు. అది కొందరికి సరిపోతుంది, చాలామందికి సరిపోదు. రోజూ వండే మనిషి చెప్పుల్లేకుండా నిలబడి మోచేయి మడిచినప్పుడు నేల నుంచి మోచేతి వరకు ఎంత ఉందో కొలిచి, అందులో నాలుగు అంగుళాలు తీసేస్తే కూరలు తరగడానికి అనువైన ఎత్తు వస్తుంది. మీ ఇంట్లో వండేది మీరా, వంటమనిషా, రేపు పెళ్లయ్యాక వచ్చిపోయే అమ్మాయా అన్నది కొలవకముందు అనుకోండి. అలాగే పచ్చడి జాడీల్లో పెద్దదాన్ని, గ్రైండరును, పెద్ద కుక్కరును, అప్పడాల డబ్బాను కొలత టేపుతో కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. షోరూములో చూపించే డ్రాయర్లు ప్లేట్లకు, గ్లాసులకు అందంగా ఉంటాయి, ఆవకాయ జాడీ మూతతో సహా పట్టే అర ఒక్కటి కూడా వాటిలో ఉండకపోవచ్చు. ఈ కాగితం తయారవ్వడానికి ఒక నెల పట్టనివ్వండి, వండుతూ వండుతూ గుర్తొచ్చినప్పుడల్లా రాసుకుంటేనే అది నిజమైన జాబితా అవుతుంది. చేపలు తరచూ వండే ఇల్లయితే వాష్ ఏరియాలో ఇంకో లోతైన సింకు పెట్టించుకోవడం ఉత్తమం. హాలుకు, వంటగదికి మధ్య గోడ తీసేయడం ఈమధ్య అందరూ అడుగుతున్నారు. వేపుళ్లు, పోపులు, చేపల పులుసు ఉన్న ఇంటికి నేను దాన్ని సిఫారసు చేయను. అయినా కావాలనుకుంటే ఆ గోడ మీద శ్లాబు బరువు ఉందో లేదో ఇంజనీరు చూసి చెప్పాకే సుత్తి పడాలి. ఎం.వి.పి. కాలనీ, లాసన్స్ బే కాలనీ వైపు పాత విడి ఇళ్లలో తొమ్మిది అంగుళాల గోడలే శ్లాబును మోస్తున్నవి ఇంకా ఉన్నాయి.

గ్యాసు సిలిండరును పొయ్యి కింద అలమరలో తలుపు వేసి దాచాలనుకుంటే, ఆ తలుపు అడుగున గాలి పోయే రంధ్రాలు తప్పనిసరి. ఎల్పీజీ గాలికంటే బరువైనది, కారితే కిందనే పేరుకుంటుంది. ఆరంజి రంగు సురక్ష గొట్టాన్ని అయిదేళ్లకు మార్చాలి కాబట్టి దాన్ని పెట్టెల వెనుక చేయి దూరని చోట నడిపించవద్దు.

సరుకు గురించి మన ఊరికి వర్తించే రెండు మూడు మాటలు చెబుతాను. సింకు కిందా, దాని పక్కనా పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) వద్దు, నీరు తగిలిన అంచు నుంచి అది ఉబ్బుతుంది, మీ ఇప్పటి తలుపులు కూడా అదే అయి ఉండవచ్చు. అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడించండి, 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది ఆ ప్రమాణం. ముద్ర షీటు మీద చూడాలి, బిల్లు మీద మాత్రమే కాదు. కోసిన ప్రతి అంచుకూ బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ) పడాలి, వెనుక వైపు కనపడని అంచులకు కూడా. స్టీలు బుట్టలు, సింకు 304 గ్రేడు తీసుకోండి. 202 గ్రేడు చౌక, మన తీరపు గాలికి త్వరగా మచ్చలు పడుతుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు అంటారు. 202 కూడా సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు, ఆ పరీక్షతో రెండింటికీ తేడా తెలియదు, కాబట్టి గ్రేడు పేరు బిల్లులో రాయించుకోండి. గట్టుకు గ్రానైటే నా ఓటు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అయినా, మన పక్క శ్రీకాకుళం నీలి రాయి అయినా యార్డుకు స్వయంగా వెళ్లి పలకను చూసి, దాని వెనుక మీ పేరు రాయించి రండి. పాలరాయి ఎంత తెల్లగా మురిపించినా నిమ్మకాయ రసం, చింతపండు పులుసు పడిన చోట దాని మెరుపు పోతుంది. ఇంటర్నెట్లో కనిపించే తలుపుల్లేని అరలు కూడా మనకు పనికిరావు, ఓడరేవుకు దగ్గరి పేటల్లో వారం తిరక్కుండానే నల్లటి దుమ్ము పట్టేస్తాయి.

కొటేషన్లు అక్టోబరు, నవంబరుల్లో ముగ్గురి దగ్గర తెప్పించుకోండి. మీ జాబితా, మీ కొలతలు, మీరు ఎంచుకున్న యంత్రాల పేర్లు ముగ్గురికీ ఒకేలా ఇచ్చి, ప్లైవుడ్ గ్రేడు, కీళ్ల కంపెనీ, జీఎస్టీ కలిసిందా విడిగానా, పాత సామాను తొలగింపు ఎవరిది అన్నవి కాగితం మీద అడిగితేనే మూడింటినీ పోల్చగలరు. లేకపోతే తక్కువ ధర చెప్పినవారే దొరికారని మురిసిపోయి, తరువాత ఒక్కొక్కటి అదనం కింద కట్టుకుంటూ పోతారు. పాత ఫ్లాటు కాబట్టి అంచనా మీద 15 శాతం విడిగా పక్కన పెట్టండి. మాఘ ఫాల్గుణాల్లో గృహప్రవేశాల ముహూర్తాలు ఎక్కువ, మధురవాడ వైపు కొత్త ఫ్లాట్లన్నీ ఆ తేదీలకే తయారవ్వాలి, కాబట్టి మంచి టైల్స్ మేస్త్రీ, మంచి వడ్రంగి జనవరిలో ఖాళీగా దొరకరు. నవంబరులోనే మాట తీసుకుని కొంత అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి. చెల్లింపు పని దశలను బట్టి ఉండాలి, ఆఖరి వాయిదాను పది రోజులు వండి చూశాక ఇస్తామని మొదటి రోజే రాసుకోండి.

ఒకవేళ పరిశీలనలో గోడ పొడిగా ఉండి, పైపులు, వైర్లు బాగుండి, లోపం సింకు కింది రెండు పెట్టెలదే అని తేలితే ఇంత ప్రణాళిక మీకు అక్కరలేదు. ఆ రెండు పెట్టెలు, తుప్పు పట్టిన కీళ్లు, చానెళ్లు మార్పించి, టైల్స్ సందులు మళ్లీ గ్రౌటింగ్ చేయించి, మిగతా మార్పులు పెళ్లి తరువాతకు వాయిదా వేసుకోండి. రెండు మూడేళ్లలో భవనాన్నే కూల్చి కట్టించే ఆలోచన మీ సంఘంలో నడుస్తున్నా అదే మేలు. ఖర్చు పెట్టించే సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు, ఆగమని చెప్పేవారు తక్కువ కనుక ఈ మాట కూడా చెబుతున్నాను.

పని నడిచే రెండు నెలలూ వంట ఎక్కడ అన్నది కూడా డిసెంబరులోనే తేల్చుకోండి. వాష్ ఏరియాలో గాలి వచ్చే వైపున రెండు బర్నర్ల పొయ్యి, సిలిండరు నేల మీద నిలువుగా, పొయ్యి దానికంటే ఎత్తున ఒక బల్ల మీద, పక్కనే ఒక బకెట్టు కుళాయి నీళ్లు ఉంటే అన్నం, పప్పు, టిఫిను ఇంట్లోనే అవుతాయి, కూరలకు వీధి చివర కర్రీ పాయింటు ఉండనే ఉంటుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవారుంటే మాత్రం ఉప్పు, నూనె విషయంలో బయటి కూరల మీద రెండు నెలలు ఆధారపడవద్దు. పగలగొట్టే మొదటి వారంలో దుమ్ము ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజులకు వారిని బంధువుల ఇంటికి పంపి, వంటగది గుమ్మానికి మందపాటి పాలిథిన్ పరదా కట్టించండి.